నిబ్బరం ఎక్కడ పుడుతుంది?

పోయిన సంవత్సరం మా కాలేజీలో ఒక వక్తను పిలిచి విద్యార్థులకు ఉపన్యాసం ఇప్పించారు. విషయం: కష్టాలకు కుంగిపోకుండా నిలబడడం ఎలా? వక్త మంచి మాటకారి. రెండు గంటలసేపు పిల్లల్ని కదలనివ్వలేదు. నిప్పులో కాలితేనే బంగారానికి వన్నె వస్తుందన్నాడు. ఉలిదెబ్బలు తినని రాయి శిల్పం కాదన్నాడు. దరిద్రం జేబులో వుండదు, బుర్రలో వుంటుందన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మరునాడు రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. చదువు మానుకుంటున్నానని చెప్పడానికి వచ్చాడు. వాళ్ళది పల్నాడులో ఒక గ్రామం. తండ్రి కౌలు రైతు. మిరప వేశాడు, తెగులు తగిలి పోయింది. కౌలు ముందే కట్టాడు. భూమి కాగితం యజమాని పేర వున్నది కనుక బ్యాంకు అప్పు లేదు. వడ్డీ వ్యాపారి అప్పు మాత్రం వుంది. ఇదంతా చెప్పి, వెళ్ళబోతూ ఆగి ఆ కుర్రవాడు ఒక మాట అడిగాడు:

“కష్టాలే మనిషిని తయారుచేస్తాయని చెప్పాడు గదా సార్ నిన్న ఆయన. అదే నిజమైతే మా నాన్న ఈపాటికి ఎంత గొప్పోడై వుండాలి?”

దీనికి నేను చెప్పిన సమాధానం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. నేను ఎమ్మే తెలుగు చదివినవాణ్ణి. అభ్యుదయ కవిత్వం మీద మమకారం వున్నవాణ్ణి. రాత్రి ఎంత దీర్ఘమైనా తెల్లవారక తప్పదనీ, తూర్పున ఎరుపు కనిపిస్తూనే వున్నదనీ భావం వచ్చే నాలుగు చరణాలు వినిపించాను. అతను మర్యాదగా విన్నాడు. “బాగుంది సార్” అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మర్యాదే నాకు దెబ్బ. నిన్నటి వక్త మాటలకూ నా మాటలకూ తేడా ఏమిటని ఆ రాత్రి ఆలోచించాను. ఆయన బంగారం అన్నాడు, నేను ఉదయం అన్నాను. ఇద్దరం కలిసి ఆ పిల్లవాడికి చెప్పినది ఒక్కటే: ఓర్చుకో, తరువాత బాగుంటుంది. అప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. పదజాలం మారింది గాని పని మారలేదు.

ఈ వ్యాసం ఆ సిగ్గులోనుంచి పుట్టింది. సాహిత్యం కష్టాలలో వున్న మనిషికి నిలబడే బలం ఇస్తుందని మనమంతా అంటూనే వుంటాం. ఏ సాహిత్యం ఇస్తుంది? ఎలా ఇస్తుంది? ఇచ్చినట్టు నటించే సాహిత్యాన్ని గుర్తుపట్టడం ఎలా? తరగతి గదిలో పాఠం చెప్పేవాళ్ళకూ, వినేవాళ్ళకూ ఇవి సరదా ప్రశ్నలు కావు.

ముందుగా ఓర్పుకూ నిబ్బరానికీ తేడా చెప్పుకోవాలి. ఓర్పు అంటే భరించడం. కాడి మోసే ఎద్దుకు కూడా ఓర్పు వుంటుంది. నిబ్బరం అంటే భరిస్తూ కూడా తాను ఏమి భరిస్తున్నదీ, ఎవరివల్ల భరిస్తున్నదీ మరచిపోకపోవడం. ఓర్పును పాలకులు ఎప్పుడూ మెచ్చుకుంటారు. నిబ్బరాన్ని మెచ్చుకోరు. ఈ రెండింటినీ ఒకటిగా చేసి చూపించడమే కష్టాలను కీర్తించే సాహిత్యం చేసే పని. అది పాత కాలంలో కర్మ అనే పేరుతో చేసింది. ఈనాడు వ్యక్తిత్వ వికాసం అనే పేరుతో చేస్తున్నది. పూర్వజన్మలో చేసిన పాపం బదులు ఈ జన్మలో చేయని కృషి వచ్చి కూర్చుంది. తప్పు మాత్రం ఎప్పటిలాగే బాధపడేవాడిదే.

ఐతే ఎదుటివాళ్ళను విమర్శించి ఊరుకుంటే సరిపోదు. మన ఇంట్లో సంగతి కూడా చూసుకోవాలి. అభ్యుదయ సాహిత్యం పేరుతో వచ్చిన కథల్లో ఎన్నింటి చివర జెండా పట్టుకున్న ఊరేగింపు రాలేదు? ఎన్నింటి ఆఖరు వాక్యంలో ఎర్రని సూర్యుడు ఉదయించలేదు? కథలో కూలివాడు ఎనిమిది పేజీలు ఏడుస్తాడు, తొమ్మిదో పేజీలో అకస్మాత్తుగా పిడికిలి బిగిస్తాడు. ఆ ఎనిమిదికీ ఈ తొమ్మిదికీ మధ్య ఏమి జరిగిందో రచయిత చెప్పడు. అతనికీ తెలియదు. తెలియని చోట సూర్యుణ్ణి తెచ్చి పెడతాడు. పాఠకుడికి నిజంగా కావలసినది ఆ మధ్యలో జరిగిన సంగతే. ఏడ్చేవాడు లేచి నిలబడడానికి ఏమి ఆసరా దొరికింది? దీనికి జవాబు చెప్పిన పుస్తకాలు మనకు వున్నాయి. వాటిలో మూడింటిని తీసుకుంటాను.

మొదటిది ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. బారిస్టరు చదివిన ఉన్నవ, పల్నాటి పుల్లరి సత్యాగ్రహపు రోజులలో జైలుకు వెళ్ళారు. రాయవెల్లూరు జైలులో ఈ నవల రాశారు. 1922లో అచ్చులోకి రావడం మొదలైంది, ప్రభుత్వం నిషేధించింది. రచయిత స్వయంగా ఖైదులో వున్నాడు; తన త్యాగాన్ని గురించి, తన దేశభక్తిని గురించి రాసుకోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. జైలులో కూర్చుని మాలపల్లిని తలచుకున్నాడు. తనకంటె ఎక్కువ కష్టంలో వున్నవాళ్ళు ఎలా బతుకుతున్నారన్న దానిమీద దృష్టి పెట్టాడు.

నవలలో రామదాసు కుటుంబానికి రాని కష్టం లేదు. కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతాడు. మరొక కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో దొరల సొత్తు దోచి పేదలకు పంచిపెడతాడు. చివరకు జైలు పాలై ప్రాణం విడుస్తాడు. కూతురు జ్యోతి కూడా దక్కదు. భూమి పోతుంది. మిగిలినవాళ్ళను నేరస్థుల సెటిల్మెంటులో పెడతారు.

ఇన్ని దెబ్బలకు రామదాసు చలించడు. అతను భక్తుడు, వేదాంతం తెలిసినవాడు. సుఖదుఃఖాలు సమానమని నమ్మినవాడు. మన విమర్శకులు చాలామంది రామదాసు నిశ్చలత్వానికి చేతులెత్తి మొక్కారు. నేను ఆ పాత్రను తక్కువ చేయదలచుకోలేదు. మాలవాడికి వేదాంతం ఏమిటని ఈసడించే సమాజంలో వేదాంతాన్ని తన సొత్తుగా చేసుకున్న మనిషి అతను. అది కూడా ఒక ధిక్కారమే. కాని ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ నిశ్చలత్వం అతని మనసును కాపాడింది, సరే. అతని బిడ్డలలో ఎవరిని కాపాడింది? అతని ఎకరాన్ని కాపాడిందా? ఓర్పు ఎంత ఉన్నతమైనదైనా భూస్వామి చేతిని ఆపలేదని నవలలోని సంఘటనలే చెబుతున్నాయి. రచయిత ఉద్దేశం రామదాసును ఆదర్శంగా నిలపడమే కావచ్చు. ఐనా ఆయన నిజాయితీపరుడైన రచయిత కనుక, ఆ ఆదర్శం ఎక్కడ చాలదో దాచలేదు. తండ్రి ఓర్పు పక్కనే కొడుకు తిరుగుబాటును పెట్టాడు. రెండింటినీ చివరిదాకా నడిపించాడు. ఒంటరిగా ఓర్చుకున్నవాడు అన్నీ పోగొట్టుకున్నాడు, ముఠా కట్టి కొల్లగొట్టినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

మరి నవలలో నిలిచినది ఏమిటి? సంగదాసు పేర వెలసిన సంగపీఠం. సంగదాసు చనిపోయాక అతని స్నేహితుడూ, చంపిన చౌదరయ్యకు స్వయానా కొడుకూ ఐన రామానాయుడు ఆ పని చేపడతాడు. ఈ నవలకు సంగవిజయం అని ఇంకొక పేరు వుంది. ఆ పేరును గురించి ఆలోచించండి. కథ సగంలోనే చనిపోయినవాడికి విజయం ఏమిటి? అతను కష్టాలను జయించి గొప్పవాడు కాలేదు. అతని కష్టం అతణ్ణి చంపింది. ఐనా అతనిది విజయమే, ఎందుకంటే అతను మొదలుపెట్టిన పని మిగిలినవాళ్ళు వదలిపెట్టలేదు. మా కాలేజీకి వచ్చిన వక్త లెక్క ప్రకారం సంగదాసు ఓడిపోయాడు. ఉన్నవవారి లెక్క వేరు. నిలబడడం అనేది ఒక మనిషి వెన్నెముకకు సంబంధించిన విషయం మాత్రమే కాదు; ఒకరు పడిపోతే ఇంకొకరు అందుకోవడానికి సంబంధించిన విషయం.

మాలపల్లిలో లోపాలు లేవని కాదు. ఉపన్యాసాలు ఎక్కువ. సంగపీఠం కలలాగా తేలికగా కట్టినట్టు కనిపిస్తుంది. భూస్వామి కొడుకు మనసు మారకపోతే ఆ పీఠం సంగతి ఏమయ్యేదని అడిగితే నవల దగ్గర గట్టి జవాబు లేదు. కాని నేను చెప్పిన ఆ మధ్య పేజీని తెలుగు నవలలో రాయడానికి మొదట ప్రయత్నించినవాడు ఉన్నవే.

రెండవది అదే ప్రాంతంనుంచి వచ్చిన కావ్యం. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారి గబ్బిలం, 1941. ఇందులో ఆకలిగొన్న ఒక అరుంధతీసుతుడు కాశీలో వున్న శివుడికి తన గోడు చెప్పుకోవాలనుకుంటాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. గబ్బిలానికి వుంది. కనుక గబ్బిలాన్ని బతిమాలి సందేశం పంపుతాడు. మేఘసందేశపు చట్రం తీసుకుని అందులో విరహానికి బదులు ఆకలినీ అంటరానితనాన్నీ పెట్టడం ఎంత గొప్ప శిల్పమో చాలామంది చెప్పారు. నేను గమనించమనేది వేరొక సంగతి. ఆ గబ్బిలం అతణ్ణి ఓదార్చదు. ధైర్యం చెప్పదు. వింటుంది, అంతే. ఐనా చెబుతున్నకొద్దీ అతని గొంతు మారుతుంది. ఏడుపుగా మొదలైనది నేరారోపణ అవుతుంది. తన ఆకలికి కారకులెవరో, తన చెమట ఎవరి గాదెలలో చేరుతున్నదో, తనను బయట నిలబెట్టినవాళ్ళు ఏ ధర్మం పేరు చెబుతున్నారో ఒక్కొక్కటిగా లెక్క తేలుతుంది. కష్టానికి పేరు పెట్టగలగడం, దాని కారకుణ్ణి వేలెత్తి చూపగలగడం నిబ్బరానికి మొదటి మెట్టు.

జాషువా తనకు ఇద్దరు గురువులున్నారని అన్నారు. ఒకరు పేదరికం, మరొకరు కులమత భేదం. మొదటిది సహనం నేర్పితే, రెండవది ఎదిరించే శక్తిని పెంచిందే గాని తనను బానిసను చేయలేదని ఆయన భావం. కష్టాలు గురువులన్న ఈ మాటను మన వక్తలు కూడా వాడుకోగలరు. వాళ్ళు వదలిపెట్టేది రెండవ గురువును. సహనం దగ్గర పాఠం ఆపేస్తారు. జాషువా ఆపలేదు. గురువులను చంపకుండా వదలాలని కూడా ఆయన ఎక్కడా కోరలేదు.

ఇక కృష్ణ దాటి నల్లగొండ వైపు వెళదాం. ఆ వైపున భూస్వాములు వేరు, ప్రభువు వేరు. కష్టం మాత్రం ఒకటే. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్ దగ్గర మాధవరంలో పుట్టాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ చదువుకున్నాడు. హోటలులో సర్వరుగా పనిచేశాడు. ఇంతవరకు చెప్పి ఆపితే ఇది వక్తలకు ఎంతో ఇష్టమైన కథ. హోటలు సర్వరు తరువాత హోటలు యజమాని కావాలి, అప్పుడు కథ సుఖాంతం. ఆళ్వారుస్వామి యజమాని కాలేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. తెలుగు చదువుకు ఆదరణ లేని నైజాం రాజ్యంలో తెలుగు పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. జైళ్ళకు వెళ్ళాడు.

నిజామాబాదు జైలులో 1948లో ఆయనతోపాటు దాశరథి కృష్ణమాచార్య వున్నాడు. కాగితం లేదు. దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాశాడు. ఈ సంఘటనను మనం తరచుగా దాశరథి ఒక్కడి సాహసంగా చెప్పుకుంటాం. గోడమీద రాసినది నిలవాలంటే చదివేవాడు ఒకడు పక్కన వుండాలి. గోడ కడిగితే పోతుంది. తోటి ఖైదీ మనసులో పడినది పోదు. 1949లో వచ్చిన అగ్నిధారను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. ఆ అంకితాన్ని నేను కృతజ్ఞతగా మాత్రమే చదవను. కవి ధైర్యంలో సగం శ్రోతది అన్న ఒప్పుకోలుగా చదువుతాను.

ఆళ్వారుస్వామి తన జైలు అనుభవంనుంచి జైలు లోపల అనే కథలు రాశాడు. ఇదే నా మూడవ పుస్తకం. రాజకీయ ఖైదీ రాసిన జైలు కథలంటే ఏముంటుందని మనం అనుకుంటాం? నిరాహార దీక్షలు, లాఠీలు, నినాదాలు. ఈ కథల్లో కేంద్రం అది కాదు. దొంగలు, హంతకులు అని లోకం ముద్రవేసిన మామూలు ఖైదీలు వున్నారు. వాళ్ళు ఎందుకు అలా అయ్యారు, ఏ పరిసరాలు వాళ్ళను అక్కడికి నెట్టాయి అన్న విచారణ వుంది. ఉన్నవ జైలులో వుండి మాలపల్లిని చూసినట్టే ఆళ్వారుస్వామి జైలులో వుండి పక్క గదిని చూశాడు. కష్టంలో వున్నవాడు తన కష్టం మీదనుంచి చూపు తిప్పి పక్కవాడి కష్టాన్ని పరిశీలించడం మొదలుపెడితే రెండు జరుగుతాయి. తనకు వచ్చిన దెబ్బ తన తలరాత కాదని తెలుస్తుంది. తాను ఒంటరివాణ్ణి కాదని కూడా తెలుస్తుంది. ఈ రెండూ తెలిసిన మనిషిని పడగొట్టడం కష్టం.

1955లో వచ్చిన ఆయన నవల పేరు కూడా ఈ సందర్భంలో గమనించదగినది: ప్రజల మనిషి. అందులో కంఠీరవం దొర దౌర్జన్యాన్ని ఎదిరిస్తాడు. ఐతే అతని బలానికి మూలం అతని పేరులోని సింహం కాదు. నవల పేరులోని ప్రజలు. ఊరిలో వెట్టి చేసేవాళ్ళ మధ్య తిరుగుతూ, వాళ్ళ మాట వింటూ అతను మనిషి అవుతాడు. వ్యక్తి మొదట గట్టిపడి తరువాత జనంలోకి రావడం కాదు. జనంలోకి వచ్చి గట్టిపడడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వ్యక్తి పట్టుదలకు విలువే లేదా? ఒకే రకమైన కష్టం వచ్చిన ఇద్దరిలో ఒకడు నిలబడుతున్నాడు, ఒకడు కుప్పకూలుతున్నాడు గదా? ఇది న్యాయమైన ప్రశ్న. పట్టుదలకు విలువ వుంది. ఆళ్వారుస్వామి పుస్తకాల మూట ఎత్తుకుని నడిచాడంటే కాళ్ళు ఆయనవే. సంఘం వచ్చి నడవలేదు. నేను కాదనేది పట్టుదలను కాదు, పట్టుదల గాలిలో పుడుతుందన్న భావవాదాన్ని. మూట మోసేవాడికి, ఆ పుస్తకం కోసం ఫలానా ఊరిలో ఎవడో ఒకడు ఎదురుచూస్తున్నాడన్న సంగతి తెలుసు. ఆ ఎదురుచూపు లేకపోతే ఎంతటి కాళ్ళైనా నాలుగో మైలురాయి దగ్గర ఆగిపోతాయి. కుప్పకూలినవాడి ముందు నిలబడ్డవాణ్ణి చూపించి నువ్వెందుకు ఇలా లేవని అడగడం విమర్శ కాదు, క్రూరత్వం. నిలబడ్డవాడికి ఎవరు చేయి ఇచ్చారు, కూలినవాడికి ఎందుకు దొరకలేదు అని అడగడం విమర్శ.

మరి సాహిత్యం ధైర్యం చెప్పకూడదా? చెప్పాలి. కాని చెప్పే హక్కు సంపాదించుకుని చెప్పాలి. కష్టాన్ని కీర్తించే పుస్తకం ఆ హక్కు పోగొట్టుకుంటుంది, ఎందుకంటే కీర్తించిన దాన్ని తొలగించాలని ఎవరూ అనుకోరు. కష్టానికి కారణం చెప్పని పుస్తకం కూడా పోగొట్టుకుంటుంది. కారణం చెప్పి, పక్కన నిలిచే మనిషిని చూపించని పుస్తకం సగమే చేస్తుంది. పాఠకుడికి కోపం ఇచ్చి, ఆ కోపంతో ఒంటరిగా వదిలేస్తుంది. మన ఊరేగింపు కథల లోపం సరిగ్గా ఇదే. అందులో జనం వుంటారు, కాని పొరుగువాడు వుండడు. జెండాలు వుంటాయి, కాని ఇంటికి బియ్యం తెచ్చి ఇచ్చినవాడు వుండడు.

ఆ విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. అతను హైదరాబాదు వెళ్ళి ఒక గోదాములో పనికి కుదిరాడు. నేను అతనికి ఫోను చేసి, నా చరణాలకు క్షమాపణ చెప్పి, ఈసారి అప్పు గురించి అడిగాను. వడ్డీ ఎంత, కాగితం ఏమి రాశారు, కౌలు ఎప్పుడు కట్టారు, అన్నీ. అతను అరగంట మాట్లాడాడు. తరగతిలో ఆ సంగతి చెప్పినప్పుడు తెలిసింది, అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు అతనితోపాటు ఇంకా పదకొండుమంది వున్నారని. ఇన్నాళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ప్రతివాడూ తన ఇంటి అప్పు తన ఇంటి అవమానమే అనుకున్నాడు. వాళ్ళలో నలుగురు అతనికోసం నోట్సు రాసి పెట్టారు. పరీక్ష ఫీజు చందా వేసుకుని కట్టారు. అతను వచ్చి పరీక్షలు రాశాడు. ఒక పేపరు పోయింది. మళ్ళీ గోదాముకు వెళ్ళాడు. ఆ పేపరు రాయడానికి వస్తానన్నాడు. వాళ్ళ నాన్న అప్పు తీరలేదు.

ఇది విజయగాథ కాదని నాకు తెలుసు. దీని చివర సూర్యుణ్ణి ఉదయింపజేయలేను. కాని ఇప్పుడు తరగతిలో మాలపల్లి చెప్పేటప్పుడు రామదాసు ఓర్పు దగ్గర ఆగడం లేదు. ఆ పన్నెండుమందిలో ఒక అమ్మాయి లేచి, “రామదాసు భూమి పోయినప్పుడు ఊళ్ళో మిగతా పేదోళ్ళు ఏం చేస్తున్నారు సార్?” అని అడిగింది. ఇన్నేళ్ళుగా ఆ నవల పాఠం చెబుతున్నాను గాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు. వచ్చే తరగతికి ఆ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టబోతున్నాను.